మూడు శంఖాల నేరం

పదకొండవ ప్రకరణం

ఆ ఉదయం శంఖమాలి రాజ్యపు కొలువుకూటం పెళ్ళివారి విడిదిలా కిటకిటలాడుతోంది. స్ఫటిక స్తంభాలకు నెమలికంఠం రంగు పట్టుతెరలు వేలాడుతున్నాయి. వెండి ధూపకలశాల నుంచి చందనపు పొగ సన్నగా లేచి, పైకప్పులో చెక్కిన దంతపు హంసల మెడల చుట్టూ తిరుగుతోంది. నవరత్నాలు తాపిన సింహాసనం మీద చిత్రకంధర మహారాజు పదహారు పేటల ముత్యాలహారం సవరించుకుంటూ, తను వేసిన వెటకారానికి తానే అందరికన్నా ముందు నవ్వుకుంటూ కూర్చున్నాడు. ఇంత అలంకారమూ ఒక ముసలివాణ్ణి మొసళ్ళకు వేయించడం కోసం.

ఆ ముసలివాడు శరభాంకుడు. నలభై ఏళ్ళుగా ఆ రాజ్యానికి సేనాని. పదిహేడు యుద్ధాలు గెలిచి, ఆ గెలుపుల్లో ఎడమచేతి వేళ్ళు మూడు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు కాళ్ళకూ చేతులకూ సంకెళ్ళతో నిలబడ్డాడు. అతనికి ఎదురుగా రాజమాంత్రికుడు ధూమకుండుడు అరచేతిలో నిమ్మకాయంత శంఖం పట్టుకుని, లోకంలోని విచారమంతా ముఖాన పులుముకుని ఉన్నాడు.

శంఖమాలిలో మాటకు విలువ ఎక్కువ. ఎంత ఎక్కువంటే, దాన్ని మనుషుల చేతిలో ఉంచడం ప్రమాదమని ఇరవై ఏళ్ళ కిందట ధూమకుండుడు రాజుకు నూరిపోశాడు. అంతకుముందు మంత్రులు రోజూ అన్నావంటే అనలేదని జుట్టూ జుట్టూ పట్టుకునేవారు. మాంత్రికుడు సముద్రం అడుగు నుంచి వేల శంఖాలు తెప్పించి మంత్రించాడు. మాట్లాడేవాడి నోటి దగ్గర శంఖం పడితే, ఒక్క ఊపిరిలో పలికిన మాట అందులోకి దిగుతుంది. మూతికి లక్క పెడితే ఆ మాట పదిలం. లక్క తీసినప్పుడల్లా అదే గొంతుతో అదే మాట పలుకుతుంది. ఇంకేం కావాలి? శంఖం పలికిందే మాట, మనిషి జ్ఞాపకం సాక్ష్యం కాదు అని రాతి మీద శాసనం చెక్కించారు.

అక్కడితో ఆగినా బాగుండేది. కొలువన్నాక ఒక పద్ధతి ఉండాలని, శంఖాలను మాట స్వభావాన్ని బట్టి వేరువేరు గదుల్లో సర్దడం మొదలుపెట్టారు. పొగడ్తలు ఒక గదిలో, ప్రశ్నలు ఒక గదిలో, శపథాలు ఒక గదిలో, ద్రోహపు మాటలు ఒక గదిలో. మనిషి ఒక పూట నిలబడి చెప్పిన మాట నాలుగు గదుల పాలయ్యేది. దీన్ని అందరూ క్రమశిక్షణ అని మెచ్చుకున్నారు.

ఆ శంఖాలకు లక్క పెట్టేవాడు బేతన. ముప్పై ఏళ్ళవాడు, ఒంటరివాడు. పొద్దస్తమానం నిప్పుల కుంపటి పక్కన కూర్చుని శంఖాల మూతులు మూసి, మాటను బట్టి రంగుదారం కట్టడం అతని ఉద్యోగం. ప్రశ్నకు తెలుపు, శపథానికి ఎరుపు, ద్రోహానికి నలుపు. లోపలున్న మాటను బట్టి దారం కట్టాలి, దాని ముందూ వెనకా పట్టించుకోకూడదు అన్నది నియమం. మొన్న శరభాంకుడి శంఖం ఒకదానికి అతను నల్లదారం కట్టాడు. కట్టేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది. నియమం గుర్తొచ్చి మళ్ళీ కదిలింది.

ధూమకుండుడు గోటితో ఆ లక్కనే గీరాడు. శరభాంకుడి గొంతు కొలువంతా మోగింది.

"కోట తలుపులు తీద్దాం. కత్తులు కింద పెడదాం. వక్రదంష్ట్రుడి కాళ్ళు పట్టుకుంటే మన ప్రాణాలైనా మిగులుతాయి."

సభలో వెయ్యి నోళ్ళు ఒక్కసారి గుటక మింగాయి. వక్రదంష్ట్రుడు పక్క రాజ్యపు రాజు. అతని సైన్యం రెండు ఆమడల దూరంలో విడిసి ఉంది. అతని దూత నెలకు రెండుసార్లు ధూమకుండుడి ఇంటి వెనక గుమ్మంలో దిగుతాడన్న సంగతి రాజుకు తప్ప ఊరంతటికీ తెలుసు.

"గొంతు నీదేనా?" అని అడిగాడు రాజు.

"నాదే," అన్నాడు శరభాంకుడు. "కానీ మహారాజా, దానికి ముందు..."

"శంఖానికి ముందు ఏముంటుంది, వెనక ఏముంటుంది, గాలి తప్ప," అని రాజు నవ్వాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే సభ కనుక, అందరూ నవ్వారు. "పొద్దు పడమటి కొండ మీద వాలగానే వీణ్ణి మొసళ్ళ కందకంలో తోయండి."

బేతన కుంపటి దగ్గర నుంచి లేచాడు. అతను లేవడం ఆ సభ ఎప్పుడూ చూడలేదు.

"తమరు మన్నించాలి ప్రభూ. ఆ రోజు లక్క పెట్టింది నేనేనండి. సేనానిగారు ముందు ఒక ప్రశ్న అడిగారు. పిరికిపంద నోట ఎలాంటి మాటలొస్తాయో విన్నారా అని. తర్వాత పిరికివాడు మాట్లాడినట్టు ఈ మాట అనిచూపించారు. ఆ తర్వాత, అలా అనేవాడి నాలుక కోస్తానన్నారు. మొత్తం మూడు శంఖాలండి. మీరు విన్నది నడిమిది."

"నీకు గుర్తుందా?" అని ధూమకుండుడు మెత్తగా అడిగాడు.

"గుర్తుందండి."

"గుర్తుండటం నేరం కాదులే నాయనా. సాక్ష్యం మాత్రం కాదు."

రాజుకు ఈ వేడుక నచ్చింది. "పొద్దు వాలేలోగా ఆ రెండు శంఖాలూ తే. తెచ్చావా, వింటాను. తేలేదా, మొసళ్ళకు నువ్వూ ఒక ముద్దవు."

బేతన పరుగున బయటపడ్డాడు. శంఖాల గదులున్న సౌధం నడవలోకి తిరిగేసరికి, పొడవాటి ఈటె పట్టుకున్న కావలివాడొకడు అతని భుజం పట్టి గోడకు నొక్కాడు. కావలివాడి మీసం ఒక పక్కకు జారి ఉంది.

"నల్లదారం కట్టింది నువ్వేగా?"

గొంతు ఆడగొంతు. శరభాంకుడి కూతురు నీలోత్పలను బేతన దూరం నుంచి చూసి ఉన్నాడు. ఆ కళ్ళు గుర్తుపట్టాడు.

"నేనేనమ్మగారూ. ఈటెతో పొడవాలంటే పొడవండి, తప్పులేదు. కాకపోతే ఆ పని రేపటికి పెట్టుకుంటే, ఇవాళ మీ నాన్నగారి ప్రాణం దక్కించుకోవచ్చు."

ఆమె ఈటె దించింది. "పద. మాటలు తర్వాత."

ప్రశ్నల గది తలుపులు కంచువి. వాటి మీద వెయ్యి చెవులు చెక్కి ఉన్నాయి, నోరు ఒక్కటీ లేదు. లోపల నేల నుంచి కప్పుదాకా ముత్యపు చిప్పలు పొదిగిన గూళ్ళు, గూటి గూటికీ తెల్లదారం శంఖాలు, వాటి మధ్య రాతిబొమ్మలు. నిలువెత్తు మనుషుల బొమ్మలు. కొందరికి చూపుడువేలు పైకి లేచి ఉంది, అందరికీ నోరు తెరిచి ఉంది.

"వీళ్ళెవరు?" అంది నీలోత్పల.

"పండితులండి. పాత లక్క పగిలిన శంఖాలు వాటంతట అవే అడుగుతుంటాయి. ఎవరు ఎవరిని ఎప్పుడు ఎందుకు అడిగారో తెలుసుకోకుండా జవాబు చెప్పినవాళ్ళు రాయైపోతారు. అదీ ధూమకుండుడి శాపం. వీళ్ళు లోపలికొచ్చిన మొదటి క్షణంలోనే చెప్పేసినట్టున్నారు."

అతను గూళ్ళు వెదుకుతూ ముందుకు సాగాడు. నలువైపుల నుంచీ ప్రశ్నలు ముసిరాయి. పన్ను ఎవడు కట్టాలి? దేవుడున్నాడా? నా చెప్పులేవి? ఇద్దరూ పళ్ళు బిగించి నడిచారు. అంతలో మూల గూటి నుంచి ముదురు గొంతు ఒకటి, నవ్వును దాచుకుంటూ, మెల్లగా అడిగింది.

"అన్నం తిన్నావుటే, తల్లీ?"

నీలోత్పల నిలబడిపోయింది. అది ఆమె తండ్రి గొంతు. ఏనాడో, ఆమె చిన్నప్పుడు, సభ మధ్యలోకి పరుగెత్తుకొచ్చిన కూతురిని ఒళ్ళోకి తీసుకుని అడిగిన మాటను కూడా ఎవడో శంఖంలో పట్టి, దారం కట్టి, గూట్లో పెట్టాడు. ఆమె కళ్ళు నిండాయి. అది ఎప్పటి ప్రశ్నో మరిచి పెదవులు విప్పింది. పాదాల దగ్గర నుంచి బూడిదరంగు రాయి మోకాళ్ళదాకా పాకింది. బేతన ఒక్క గెంతున వచ్చి, నడుముకున్న సంచిలోంచి మెత్తటి మైనపుముద్ద తీసి ఆమె నోటికి అడ్డంగా కుక్కాడు.

"తర్వాత చెబుదురుగాని. ఆయనకే చెబుదురుగాని," అన్నాడు.

రాయి కరిగి నేలలోకి దిగిపోయింది. ఆమె మైనం నమలలేక, ఉమ్మలేక, ఏడుస్తూనే వెదికింది. కావలసిన శంఖం, కొత్త లక్క మెరుపు వల్ల, ఆమె చేతికే దొరికింది.

శపథాల గది ఆ సౌధంలో అన్నిటికన్నా పెద్దది. దానికి కాపలా లేదు, తాళం లేదు, శాపం కూడా లేదు. రాజుల శపథాలు ఏమయ్యాయో చూడటానికి ఎవరైనా వస్తారన్న అనుమానం ధూమకుండుడికి సైతం కలగలేదు. ఏనుగు దంతపు ద్వారబంధం నిండా బూజు. ఎర్రదారం శంఖాలు మోకాలిలోతున కుప్పలుగా పడి ఉన్నాయి. చెరువులు తవ్విస్తానన్నవి, ఆకలి లేకుండా చేస్తానన్నవి, తమ్ముడికి వాటా ఇస్తానన్నవి. ఆ బరువుకు నేలపలకలు పుచ్చిపోయాయి.

శరభాంకుడి శంఖం కుప్ప పైనే, మొన్నటిది కనుక, మెరుస్తూ కనిపించింది. బేతన వంగి అందుకున్నాడు. కాళ్ళ కింద నేల కిర్రుమంది. మరుక్షణం బేతన, నీలోత్పల, ఇరవై ఏళ్ళ రాజవాగ్దానాలు కలిసి నిలువునా కింది చీకట్లోకి, చీకట్లోంచి నీళ్ళలోకి పడ్డారు.

పడింది మొసళ్ళ కందకంలో. మొసళ్ళు శపథాల మీద పడ్డాయి. గట్టి శంఖాలు కొరికి పళ్ళు విరిగి అవి తికమకపడుతుంటే, ఇద్దరూ చెరో శంఖం పళ్ళ మధ్య పట్టుకుని ఈదారు. ఒక ముసలి మొసలి మాత్రం ఆ తిండికి మోసపోకుండా నీలోత్పల కాలివైపే వచ్చింది. ఆమె ఈటెను నిలువుగా దాని దవడల మధ్య పెట్టింది. ఆ నోరు మూతపడలేదు. పైన గట్టు మీద తలారి కట్టిన మోకు వేలాడుతోంది. అది దోషులను దించడానికి కట్టింది. బేతన, ఆ తర్వాత నీలోత్పల, దాన్ని పట్టుకుని పైకెక్కారు.

పడమటి కొండకూ సూర్యుడికీ మధ్య జానెడు దూరం ఉంది. గట్టు మీద పందిరి, పందిరి కింద రాజు, పక్కన ధూమకుండుడు, అతని వెనక శంఖాలు పట్టిన నలభైమంది శిష్యులు. చెక్కబల్ల చివర శరభాంకుడు. నీళ్ళోడుతున్న కూతురిని, మీసం ఊడి గడ్డానికి అంటుకున్న కూతురిని చూసి ఆయన ముఖం ఒక్కక్షణం ఉక్కులా నిలబడలేకపోయింది.

బేతన రెండు శంఖాలూ రాజు ముందు పెట్టాడు. "ప్రభూ, మూడూ వరుసగా ఒక్కసారి వినండి. నడుమ ఎవరినీ మాట్లాడనివ్వకండి. అంతే నా మనవి."

"నియమం ఒప్పుకోదే," అని ధూమకుండుడు నొచ్చుకున్నాడు. "శంఖం పలకాలి, జేగంట కొట్టాలి, తీర్పు చెప్పాలి. ఆ తర్వాతే ఇంకో శంఖం."

తెల్లదారం తెగింది. శరభాంకుడి గొంతు పలికింది. "సభాసదులారా, పిరికిపంద నోట ఎలాంటి మాటలు వస్తాయో ఎప్పుడైనా విన్నారా?"

జేగంట మోగింది.

"విన్నారా మహారాజా," అన్నాడు ధూమకుండుడు. "ఈ మాటకు ముందు సభలో మాట్లాడింది ఎవరు? తమరే. తమరి ప్రసంగం ముగిసీ ముగియగానే ఈ ప్రశ్న. పిరికిపంద ఎవరో నేను వేరే చెప్పాలా?"

ఉదయం శంఖానికి ముందు గాలి తప్ప ఏమీ లేదన్నప్పుడు నోరు మెదపని మాంత్రికుడికి ఇప్పుడు ముందున్నది కావలసి వచ్చింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. రాజు ముఖం ఎర్రబడింది. "రాజనింద. రెండో నేరం," అన్నాడు.

ఎర్రదారం తెగింది. "ఆ నోరు ఈ సభలో ఎక్కడున్నా సరే, సింహాసనం మీదున్నా సరే, దాని నాలుక నా చేత్తో కోస్తాను."

జేగంట మోగనక్కరలేకపోయింది. సభ మొత్తం కెవ్వుమంది.

"సింహాసనం మీది నాలుక," అన్నాడు ధూమకుండుడు, కన్నీళ్ళు తుడుచుకుంటూ. "మూడో నేరం. పాపం, ఈ లక్కవాడు కష్టపడి తెచ్చి ఇవ్వకపోతే మనకు తెలిసేదే కాదు."

బేతనకు అప్పుడు తెలిసింది. ఒక్క నేరానికి చావవలసిన మనిషికి తన చేతులతో మరి రెండు నేరాలు మోసుకొచ్చాడు. నీలోత్పల అతనివైపు చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

"లక్కవాడా," అన్నాడు రాజు హాయిగా వెనక్కి వాలి. "నీ కుంపటి ఇక్కడికే తెప్పించాను. నీ ఉద్యోగం నువ్వు చెయ్యి. నేను చెప్పే తీర్పు శంఖంలో పట్టు. ఆ తర్వాత నీ సంగతి చూద్దాం."

బేతన కుంపటి దగ్గర మోకరిల్లాడు. ఖాళీ శంఖం తీసి రాజు నోటి దగ్గర పట్టాడు. చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు చూసి రాజుకు సరదా పుట్టింది. ఇంత మంచి సభ, ఇంత మంచి పొద్దు, వెటకారం ఆడకుండా తీర్పు ఎలా చెబుతాడు? గొంతు సవరించుకుని, గంభీరంగా, ఒక్కో మాటా నొక్కి పలికాడు.

"శరభాంకుడి సంకెళ్ళు తీసేయండి. నా కిరీటం తీసి అతని తల మీద పెట్టండి. ఈ క్షణం నుంచి ఈ రాజ్యం అతనిది, అతని మాటే నా మాట."

ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. బేతన లక్క పెట్టేశాడు.

"అంటాననుకున్నావురా వెర్రివాడా?" అని రాజు పగలబడి నవ్వాడు. సభ నవ్వింది. ధూమకుండుడు నవ్వుతున్నవాడల్లా మధ్యలో ఆగి, ఆ శంఖం వైపు చూశాడు.

బేతన దానికి దారం కట్టలేదు. తిన్నగా తలారి దగ్గరికి వెళ్ళి, గోటితో లక్క గీరి, శంఖం ఎత్తి పట్టాడు. చిత్రకంధర మహారాజు గొంతు, నవ్వు లేకుండా, ఒక్కో మాటా నొక్కి, కందకం మీదుగా మోగింది.

తలారి ఆరడుగుల మనిషి. ఇరవై ఏళ్ళలో శంఖం చెప్పింది తప్ప ఇంకేమీ చేసి ఎరగడు. సుత్తి తీసుకుని సంకెళ్ళు కొట్టడం మొదలుపెట్టాడు.

"ఆగు. నేను వేళాకోళానికి అన్నాను," అన్నాడు రాజు.

"అలాగా మహారాజా," అన్నాడు తలారి చెయ్యి ఆపకుండా. "శంఖంలో వేళాకోళం వినపడలేదండి."

"ఇక్కడున్న వెయ్యిమందీ విన్నారు. నేను నవ్వాను. నవ్వానా లేదా?"

వెయ్యిమందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వినట్టే గుర్తుంది. కానీ గుర్తుండటం సాక్ష్యం కాదు, ఆ సంగతి రాతి మీద ఉంది. రాజు ధూమకుండుడి వైపు తిరిగాడు. మాంత్రికుడికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ శంఖం అబద్ధమంటే ఇరవై ఏళ్ళ శంఖాలన్నీ అబద్ధం, తన పదవి, మేడ, వెనక గుమ్మం అన్నీ గల్లంతు. అతను మూడు రెప్పపాట్లు ఆలోచించాడు. తర్వాత వినయంగా వంగి, రాజు తల మీది కిరీటం రెండు చేతులా తీసి, తీసుకెళ్ళి శరభాంకుడి నెరిసిన జుట్టు మీద పెట్టాడు.

"జయము మహారాజా," అన్నాడు. "ఏళ్ళ తరబడి ఈ దినం కోసమే నా తపస్సు."

నీలోత్పల తండ్రిని చుట్టేసుకుంది. బేతన శంఖాన్ని కింద పెట్టాడు. ప్రాణం కాపాడాడు, అందుకు సంతోషంగానే ఉంది. ధూమకుండుడు పక్కనుంచి వెళుతూ అతని వీపు తట్టి, తన శిష్యులను తట్టినట్టే తట్టి, "మూత ఎక్కడ వెయ్యాలో తెలిసినవాడివి, ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు. ఆ తట్టిన చోట బేతనకు ఒళ్ళు జలదరించింది.

శరభాంకుడు మాత్రం కూతురిని మెల్లగా పక్కకు జరిపి, కిరీటం బరువుకు మెడ బిగించి, బేతనను చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత లేదు.

"ఒరే, దొంగమాటతో దక్కిన ప్రాణం నాకెందుకురా?" అన్నాడు. "ఈ రాజ్యం..."

నలభై శంఖాలు ఒక్కసారి లేచాయి. ధూమకుండుడి శిష్యులు నాలుగు వైపుల నుంచీ కొత్త రాజు నోటి ముందుకు చేతులు చాపారు, ఒకరినొకరు తోసుకుంటూ, భక్తిగా. ధూమకుండుడు మరీ దగ్గరగా వచ్చి, తల వంచి, చిన్న శంఖాన్ని ఆయన గడ్డం కిందే పట్టాడు. ముసలివాడు ఏం చెప్పబోతున్నాడో బేతనకు తెలుసు. ఈ రాజ్యం నాకొద్దు, ఎవడికి కావాలంటే వాడు తీసుకోండి, కానీ ముందు కోటను కాపాడుకుందాం రండి అంటాడు. అందులో మొదటి ఊపిరిలో ఏముంటుందో కూడా తెలుసు. రెండు ఆమడల దూరంలో దాని కోసం ఎవరు కాచుకుని ఉన్నారో అందరికీ తెలుసు.

బేతన ఒక్క దూకు దూకి కొత్త మహారాజు నోరు రెండు చేతులతో మూసేశాడు.

సభ నిర్ఘాంతపోయింది. కొందరు కత్తులు దూశారు. అంతలో కోట బురుజు మీద భేరి మోగింది. ద్వారపాలకుడొకడు రొప్పుతూ వచ్చి సాష్టాంగపడ్డాడు.

"మహారాజా, వక్రదంష్ట్రుడి ఏనుగులు వంతెన దిగుతున్నాయి. ఏం చెయ్యమంటారో తమరు ఒక్కమాట సెలవివ్వండి."

శరభాంకుడి కళ్ళు నిప్పులు కక్కాయి. పదిహేడు యుద్ధాల మనిషి, బలమంతా దవడల్లోకి తెచ్చుకుని బేతన అరచేతిని కొరికాడు. మణికట్టు మీదుగా రక్తం కారింది. నలభై శంఖాలు ఇంకా దగ్గరికి వచ్చాయి. బేతన కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, చేతులు తీయలేదు.